కుడి ముక్కకు వేరే డ్రాయింగు ఎందుకంటే

మొన్న చిత్తూరు వైపు నుంచి ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీ పని మా షాపుకు వచ్చింది. పండ్లు కడిగి పైకి ఎక్కించే కన్వేయరు, పండ్లు ఏరే బెల్టు, తొక్కూ టెంకలూ బయటికి తోసే స్క్రూ. డ్రాయింగులు వాళ్ళ కన్సల్టెంటువి, తయారీ మాది. సెట్టు తిరగేస్తే సగం షీట్లలో టైటిల్ బ్లాకు (పేరు, నంబరు రాసే మూల గడి) పైన ఒకటే ముక్క రాసి ఉంది: ‘ఎల్‌హెచ్ షోన్, ఆర్‌హెచ్ ఆపోజిట్’. ఎడమది గీశాం, కుడిది మీరే ఊహించుకోండి అని. మా దగ్గర కొత్తగా చేరిన డిప్లొమా కుర్రాడు నేను చెప్పినట్టే కుడి ముక్కలకు కూడా షీట్లు వేస్తూ, ఏదో డౌటు వచ్చి ఆ కన్సల్టెంటుకు ఫోన్ చేశాడు. సంగతి విని ఆయన నవ్వాడట. “నోటు ఉంది కదా తమ్ముడూ, మళ్ళీ డ్రాయింగు దేనికి? మీకేం పని లేదా?” అన్నాడట.

పనికేం, బోలెడుంది. ఏప్రిల్ దాటకుండా మిషన్లు బిగించకపోతే, తోతాపురి కాయ దిగేసరికి ఫ్యాక్టరీ వాళ్ళు మా ప్రాణం తీస్తారు. అయినా కుర్రాడి చేత ఆ షీట్లన్నీ వేయించాను. ఆ కన్సల్టెంటు ఒక్కడే అనే మాటైతే వదిలేసేవాణ్ణి. రేణిగుంట, గాజులమండ్యం చుట్టుపక్కల షాపుల్లో, డిజైన్ ఆఫీసుల్లో చాలామందిది ఇదే మాట. అందుకే ఇంత పొడుగున రాస్తున్నాను.

నేననేది ఇదీ. అద్దంలో బొమ్మల్లా ఒకదానికొకటి ఎదురుగా ఉండే రెండు ముక్కలకు రెండు పార్టు నంబర్లుండాలి, రెండు పూర్తి బొమ్మలుండాలి. నోటు పెట్టి చేతులు దులుపుకుంటే కుడి ముక్క గీసే పని ఎక్కడికీ పోదు. కట్ చేసేవాడు, బెండు చేసేవాడు, వెల్డరు, చెక్ చేసేవాడు, ఎవరికి వాళ్ళు దాన్ని తలలో గీసుకోవాల్సి వస్తుంది. అదీ కాగితం లేకుండా.

వెర్నియర్‌కు దొరకని తప్పు

షాపులో ఏ తప్పు జరిగినా ఎక్కడో ఒకచోట కొలతలో బయటపడుతుంది. రంధ్రం 2 మి.మీ. పక్కకు పోతే వెర్నియర్ చెబుతుంది. బెండు 90 డిగ్రీలకు బదులు 88 వస్తే ప్రొట్రాక్టరు చెబుతుంది. కుడిది చేయాల్సిన చోట ఎడమది చేస్తే మాత్రం ఏ పరికరమూ నోరు విప్పదు. పొడవు అంతే, వెడల్పు అంతే, అంచు నుంచి రంధ్రం దూరం అంతే, బెండు కోణం అంతే. ఎడమ డ్రాయింగు చేతిలో పెట్టుకుని ఒక్కో కొలతకూ టిక్కు కొట్టుకుంటూ పోతే తప్పు ముక్క దర్జాగా పాసైపోతుంది. రెండు ముక్కల అంకెలూ ఒకటే. తేడా అంతా బొమ్మలోనే ఉంది. నోటు పెట్టినవాడు అంకెలన్నీ ఇచ్చి ఆ బొమ్మనే ఎగ్గొట్టాడు.

ఇది కళ్ళారా చూశాను, ఇంకో షాపులో. పేరెందుకులెండి. కన్వేయరు సైడ్ ప్లేట్లు, ఎడమవి 20, కుడివి 20 చేయాలి. డ్రాయింగు ఒకటే, మూల నోటు. నలభై ముక్కలూ ఎడమవే వచ్చాయి. ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో నలభైకీ ఓకే. సైటులో బిగించబోతే లోపలికి రావాల్సిన ఫ్లాంజి (వంచిన అంచు) బయటికి వచ్చింది. ఫిట్టరు ప్లేటును తలకిందులు చేశాడు, వెనక్కి తిప్పాడు, రెండు చివర్లూ మార్చి చూశాడు. ఊహూ. ఆ తర్వాత పంచాయితీ. లేజర్ కటింగు వాళ్ళు, మీరు పంపిన ఫైలే కోశాం అన్నారు. బెండింగు అతను, కాగితంలో బొమ్మ ఎట్లా ఉంటే అట్లా వంచాను అన్నాడు. ఇన్‌స్పెక్టరు రిపోర్టు చూపించాడు. డ్రాయింగు వేసినాయన తాపీగా నోటు మీద వేలు పెట్టాడు. కాగితం ప్రకారం ఆయనదే కరెక్టు. నా ఒళ్ళు మండింది అక్కడే. ఇరవై ప్లేట్లు తుక్కు కింద పోతుంటే వాటికి మూలమైన కాగితంలో ఒక్క తప్పూ చూపించలేకపోయారు.

పైగా ఆ నోటు ఎక్కడుంటుందో చూడండి. ఏ3 షీటు షాపులోకి వచ్చాక నాలుగు మడతలు పడి జేబులోకి పోతుంది. పైకి కనిపించేది బొమ్మ ఉన్న మడత. నోటున్న మూల లోపలి మడతలో, గ్రీజు మరకల కింద ఉంటుంది. వాట్సాప్‌లో ఫోటో పంపితే మరీ దారుణం, పంపేవాడు బొమ్మ వరకే కత్తిరించి పంపుతాడు.

మా బెండింగ్ మిషన్ ఆపరేటరుది పుత్తూరు దగ్గర పల్లె. ఒకసారి ఈ సంగతే అడిగితే, “రెండు కాగితాలిస్తే రెండు కుప్పలు పెట్టుకుంటా సామీ. ఒక కాగితమే ఇస్తే రెండోది తలకాయలో పెట్టుకోవాల. షిఫ్టు అయిపోయేదాకా తలకాయ అట్లనే ఉంటాదా?” అన్నాడు. ఈ వ్యాసం మొత్తం ఆ మాటలోనే ఉంది. అయినా ఎదుటివాళ్ళ వాదనలకు జవాబు చెప్పాలి కాబట్టి రాస్తున్నా.

ఇదే జబ్బు ఇంకో రూపంలో కూడా వస్తుంది. ఐటీఐలో, పాలిటెక్నిక్‌లో మన పిల్లలు నేర్చుకునేది ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్, అంటే ముందు, పై, పక్క బొమ్మల్లో ఏది కాగితం మీద ఎక్కడ పెట్టాలో చెప్పే ఒక పద్ధతి. జపాన్, అమెరికా వాళ్ళ డ్రాయింగులు థర్డ్ యాంగిల్‌లో ఉంటాయి, అందులో ఆ చోట్లు తారుమారవుతాయి. శ్రీసిటీ పారిశ్రామిక వాడ వచ్చాక జపాన్ డ్రాయింగులు మన షాపుల్లో కొత్త కాదు. టైటిల్ బ్లాకులో చిన్న శంకువు గుర్తు చూడకుండా ఒకదాన్ని ఇంకోదానిలా చదివితే, తయారయ్యే ముక్క సరిగ్గా అద్దంలో బొమ్మే అవుతుంది. ఇక్కడా కొలతలన్నీ పాస్. కుడీ ఎడమా తేడా లేని ముక్కకు ఏమీ కాదు, తేడా ఉన్న ముక్కే బలవుతుంది. అలాంటి డ్రాయింగులో ‘ఆపోజిట్’ నోటు కూడా ఉంటే, తప్పు మీద తప్పు పడి ఒక్కోసారి ముక్క కరెక్టుగా వస్తుంది కూడా. అది మరీ భయం.

ట్రేసింగ్ పేపరు నాటి పొదుపు

నోటు పెట్టడం మొదలుపెట్టినవాళ్ళు తెలివి తక్కువవాళ్ళేం కాదు. తిరుపతిలో నాకు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నారు, డ్రాయింగు బోర్డు మీద జీవితమంతా గడిపి రిటైరయ్యారు. మినీ డ్రాఫ్టరు, ఇంకు పెన్ను, తప్పు పడితే బ్లేడుతో గీకడం. ఒక పెద్ద షీటు ట్రేసింగు మీద పూర్తి కావడానికి రోజులు పట్టేది. కుడి ముక్క కోసం మళ్ళీ అంతా గీయమంటే ఎవరు ఒప్పుకుంటారు? మరీ తప్పనప్పుడు ట్రేసింగు తిరగేసి అమ్మోనియా ప్రింటు తీసేవాళ్ళట. బొమ్మ కుడిదే వచ్చేది గానీ అక్షరాలు, అంకెలు తిరగబడి వచ్చేవి. వాటిని చెరిపి చేత్తో రాయాలి. అంత తంటా పడేకంటే ఒక నోటు రాస్తే పోయేది. ఆ రోజుల్లో అది నిజంగానే పొదుపు.

ఆయనతో నా వాదన ఇంకా తెగలేదు. “విమానాలకే ఒక డ్రాయింగు మీద ఎడమ, కుడి ముక్కలు రెండూ చేస్తారు. చూపిన ముక్కకు బేసి నంబరు, ఎదుటి ముక్కకు సరి నంబరు. విమానాలు ఎగరడం లేదా? నీ మామిడికాయల బెల్టుకు వచ్చిన నష్టమేంది?” అంటారు. ఆ పద్ధతి ఉన్న మాట నిజమే, చాలా ఏళ్ళుగా ఉంది. కానీ ఆ షాపుల్లో ఒక్కో నంబరుకు వేరే ప్రాసెస్ షీటు, వేరే జిగ్గు (ముక్కను సరైన చోట పట్టి ఉంచే బిగింపు) ఉంటాయి. ఎడమ ముక్క కుడి జిగ్గులో కూర్చోదు, కాబట్టి తప్పు ఆ పూటే దొరుకుతుంది. మన దగ్గర కటింగు ఒక ఊళ్ళో, బెండింగు ఇంకో షెడ్డులో, వెల్డింగు మూడో చోట. మధ్యలో ఆటో ట్రాలీ. జిగ్గు ఖర్చు పెట్టుకోని షాపులో ఆ జిగ్గు చేసే పని కాగితమే చేయాలి. ఇదే చెప్పాను. ఆయన, “అయితే జిగ్గు చేయించు, కాగితం దేనికి” అన్నారు. రెండూ చేయిస్తే తప్పేముంది అన్నాను. అక్కడితో కాఫీ వచ్చింది.

కంప్యూటర్లో డ్రాయింగు వేసే ఆటోక్యాడ్ వచ్చాక, బొమ్మను అద్దంలోలా తిప్పే మిర్రర్ కమాండు వచ్చింది. మిర్‌టెక్స్ట్ అని ఒక సెట్టింగు ఉంటుంది, 1 పెడితే అక్షరాలు కూడా తిరగబడతాయి, 0 పెడితే అక్షరాలు చదివేలా ఉండి బొమ్మ మాత్రమే తిరుగుతుంది. అంటే పెద్దాయన చెరిపి రాసుకున్న పని ఒక సున్నాతో పోయింది. ఫ్రంటు, టాపు, సైడు వ్యూలు మూడింటినీ కలిపి ఒకే గీత మీద తిప్పితే వచ్చేది కుడి ముక్కకు నిక్కమైన డ్రాయింగే. చిక్కు ఎక్కడొస్తుందంటే, తొందరలో ఒక్క ఫ్రంటు వ్యూ తిప్పి సైడు వ్యూను ఉన్నచోటే వదిలేస్తారు. అప్పుడు ఆ కాగితం ఏ లోకంలోనూ లేని ముక్కను చూపిస్తుంది. దానికంటే నోటే నయం, ఒప్పుకుంటాను.

షీటు తిరగేస్తే సరిపోదా?

ఇప్పుడు నా వాదనకు అడ్డొచ్చే అసలు విషయం. షీట్ మెటల్‌లో ఎడమ ముక్కకూ కుడి ముక్కకూ బ్లాంకు (వంచకముందు కోసిన చదును రేకు) ఒకటే. నమ్మకం లేకపోతే ఒక కాగితం కత్తిరించి చూడండి. ఒకే ఆకారంలో రెండు కోయండి, ఒకదానికి అంచులన్నీ పైకి మడవండి, రెండోదానికి అవే అంచులు కిందికి మడవండి. ఎడమ, కుడి జత తయారు. కాబట్టి లేజర్‌కు ఒకే ఫైలు, 40 బ్లాంకులు ఒకే నెస్టింగులో (షీటు మీద పక్కపక్కన పేర్చి) కోయించుకుని, బెండింగు దగ్గర సగం తిరగేస్తే అయిపోతుంది. అలాంటప్పుడు రెండు ఫ్లాట్ ప్యాటర్న్‌లు (బ్లాంకు ఆకారాలు), రెండు ఫైళ్ళు, రెండు డ్రాయింగులు ఎందుకు? ఈ మాట అన్నది మా షాపు ఓనరే. మామూలు ఎం.ఎస్. (మైల్డ్ స్టీలు) షీటుకైతే ఆయన మాటకు నా దగ్గర పెద్ద జవాబు లేదు. లేజర్ ఫైలు ఒకటే చాలు. బెండింగు కాగితం మాత్రం రెండుండాలి, ఒకదాని మీద ‘పైకి’, ఒకదాని మీద ‘కిందికి’.

పల్ప్ ఫ్యాక్టరీకి మనం వాడేది ఎం.ఎస్. కాదు కదా. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, నంబర్ 4 ఫినిష్ (పాలిష్ రకం), ఒక వైపు పీవీసీ ఫిల్ము. ఫిల్మున్న ముఖం మిషన్‌కు బయటి వైపు రావాలి, కస్టమరు చూసేది దాన్నే. లేజర్ బెడ్డు మీద ఫిల్ము పైకి పెట్టి కోస్తే, కింది ముఖానికి బెడ్డు పళ్ళ గీతలు పడతాయి, కోత అంచున సన్నటి బర్రు (మిగిలిపోయిన గరుకు) ఉంటుంది. ఎడమ ప్లేటుకు ఫిల్మున్న ముఖం బయటికి వస్తుంది. అదే బ్లాంకు తిరగేసి కుడి ప్లేటు వంచితే ఫిల్మున్న ముఖం లోపలికి పోయి, గీతలు పడ్డది బయటికి వస్తుంది. బిగించి ఫిల్ము ఒలిచాక మిషన్ ఒక పక్క మెరుస్తుంది, ఇంకో పక్క గీతలు. స్క్రూ తల కూర్చునేలా ఒక వైపు వెడల్పు చేసిన కౌంటర్‌సింకు రంధ్రాలున్నా, ఒక వైపుకు కొట్టిన ఎంబాసింగు ఉన్నా ఇదే గొడవ. బ్లాంకు ఒకటే అన్న సూత్రం జ్యామితిలో నిజం. షీటుకు రెండు ముఖాలూ ఒకేలా ఉంటేనే షాపులో నిజం. ఏ షీటుకు ఏది వర్తిస్తుందో తేల్చాల్సింది డిజైను దగ్గర. నోటు ఆ నిర్ణయాన్ని బెండింగు అతని మీదకు తోసేస్తుంది, అతనికేమో ఏ ముఖం బయటికి రావాలో ఎవరూ చెప్పి ఉండరు.

శంఖచక్రాలు తిప్పకూడదు

ఏర్పేడు మండలం మాధవమాలలో కొయ్య బొమ్మలు చెక్కే కుటుంబాలున్నాయని మన వైపు వాళ్ళకు తెలుసు. బంధువుల ఇంట్లో పూజగది తలుపులకు జయవిజయులను చెక్కించాలని వాళ్ళతో పాటు నేనూ వెళ్ళాను. శిల్పి కాగితం మీద ఒక ద్వారపాలకుణ్ణి గీసుకుని, ఎడమ తలుపు మీద అచ్చు దింపాడు. తర్వాత కాగితం తిరగేసి కుడి తలుపు మీద వేశాడు. నిలబడ్డ తీరు, వంగిన కాలు, గద అన్నీ ఎదురు బొమ్మగా అచ్చంగా కుదిరాయి. ఆ తర్వాత పై చేతుల దగ్గర గీతలు చెరిపి చక్రం కుడి చేతికి, శంఖం ఎడమ చేతికి మళ్ళీ గీశాడు. నేను చూస్తుంటే, “మనిషిని తిప్పొచ్చు నాయనా, స్వామివారి గుర్తులు తిప్పగూడదు” అన్నాడు.

మిర్రర్ బటను నొక్కే మా వాళ్ళందరికీ ఆయన దగ్గర ఒక వారం ట్రైనింగు ఇప్పించాలనిపించింది. అసెంబ్లీ మొత్తాన్ని ఎంచుకుని మిర్రర్ కొడితే సాఫ్ట్‌వేరు అన్నిటినీ తిప్పుతుంది, లేదా ఏది తిప్పాలో ఏది ఉన్నదున్నట్టు అటు జరపాలో అడుగుతుంది. అడిగినప్పుడు చదవకుండా ఓకే కొట్టడమే మన అలవాటు. దాంతో కొన్న బోల్టులు, బేరింగులు, గేరు మోటారు కూడా ‘కుడి చేతివి’ అయి కూర్చుంటాయి, బిల్ ఆఫ్ మెటీరియల్‌లో (సామాన్ల జాబితాలో) బజార్లో దొరకని మోటారు ఒకటి చేరుతుంది. మోడల్‌లో బోల్టు మరను (థ్రెడ్డును) హెలిక్సుగా, అంటే చుట్టు గీతగా గీసి ఉంటే అది ఎడమ మర అయిపోతుంది. ఎడమ మర నిజంగా కావాల్సిన చోట్లు వేరే ఉన్నాయి, సైకిల్ ఎడమ పెడలు, ఎసిటిలీన్ సిలిండరు లాంటివి. కన్వేయరు కాలు కింద బోల్టుకు దాంతో పని లేదు. పేరు చెక్కిన ప్లేటు తిరగబడితే నవ్వుకుని సరిచేస్తాం గానీ మర తిరగబడింది కంటికి ఆనదు.

ఈ పనిలో అసలు ప్రమాదం స్క్రూతో. ఫ్యాక్టరీలో రెండు లైన్లు ఎదురెదురుగా పెట్టాలి, ఒకటి ఎడమ, ఒకటి కుడి. తొక్కూ టెంకలూ తోసే స్క్రూ కుడి చుట్టు. లైను మొత్తం మిర్రర్ చేస్తే రెండో స్క్రూ ఎడమ చుట్టు అవుతుంది. జ్యామితిగా చూస్తే తప్పేం లేదు, మోటారు కూడా ఎదురు దిక్కుకు తిరిగితే సరుకు బయటికే పోతుంది. కానీ సీజను మధ్యలో, రాత్రి రెండు గంటలకు, ఒక స్క్రూ అరిగిపోయి స్టోర్స్‌లో ఉన్న స్పేరు తెచ్చి బిగిస్తే? అది రెండో రకందైతే టెంకలు బయటికి పోకుండా వెనక్కి వచ్చి హాపరులో (సరుకు పడే తొట్టిలో) పేరుకుంటాయి. అందుకని స్క్రూ రెండు లైన్లకూ ఒకటే, కుడి చుట్టే అని తేల్చాం. రెండో లైనులో తొట్టి తిరిగింది, స్క్రూ తిరగలేదు, అటు చివర మోటారు బిగించే పద్ధతి కాస్త మారింది. కన్సల్టెంటు డ్రాయింగులో ఈ లైనుకు కూడా ‘ఆపోజిట్’ అనే ఉంది. దేనికి ఆపోజిట్? తొట్టికా, స్క్రూకా, రెంటికీనా? వేరే షీటు గీయడానికి కూర్చున్నప్పుడే ఈ ప్రశ్న పుట్టింది. కుర్రాడు ఫోన్ చేసి అడిగిన డౌటు కూడా ఇదే. ఆయన నవ్వాడు గానీ దీనికి జవాబు చెప్పడానికి రెండు రోజులు తీసుకున్నాడు.

అన్నట్టు ఎడమ అంటే ఎవరి ఎడమ అన్నది కూడా రాయాలి. బండికైతే డ్రైవరు సీట్లో కూర్చున్నవాడి ఎడమ అని అందరికీ తెలుసు. కన్వేయరుకు సీటు లేదు. మేం సరుకు పోయే దిక్కుకు మొహం పెట్టి నిలబడినవాడి ఎడమే ఎడమ అని పెట్టుకున్నాం, ప్రతి షీటులో సరుకు దిక్కుకు ఒక బాణం గుర్తు వేస్తాం.

సాఫ్ట్‌వేరు చేసేదీ చేయనిదీ

“మిర్రర్ పార్ట్ కొడితే మోడల్ క్షణంలో వస్తుంది, డ్రాయింగుకేం కష్టం?” అనుకునేవాళ్ళు డ్రాయింగు వేసి ఉండరు. త్రీడీ మోడల్ చేసే సాలిడ్‌వర్క్స్‌లో మిర్రర్ పార్ట్ చేస్తే కొత్త ఫైలు వస్తుంది, దాని ఫీచర్ ట్రీలో (మోడల్ కట్టిన మెట్ల జాబితాలో) మూల ఫైలుకు బాణం గుర్తుతో ఒకే ఒక వరస ఉంటుంది. ఎడమది మార్చితే కుడిది తనంతట తానే మారుతుంది, బాగుంది. కానీ మూల మోడల్‌లో మనం స్కెచ్‌లలో ఇచ్చిన కొలతలు దానిలో మామూలుగా ఉండవు కాబట్టి డ్రాయింగులో ఆటోమేటిగ్గా దిగవు. ఎడమ డ్రాయింగును కాపీ చేసి రిఫరెన్సు కుడి పార్టుకు మారిస్తే, అంచులు, ముఖాలు కొత్తవి కాబట్టి కొలతలు పట్టు వదిలి రంగు మారి వేలాడతాయి. ఒక్కొక్కటీ పట్టుకుని మళ్ళీ అతికించాలి. మిర్రర్ చేసేటప్పుడు ఏమేం వెంట రావాలో అడిగే చోట థ్రెడ్ల సమాచారానికి టిక్కు పెట్టకపోతే, ఎం8 ట్యాప్ రంధ్రం (మర కోయాల్సిన రంధ్రం) కుడి డ్రాయింగులో 6.8 వ్యాసం ఉన్న ఉత్త రంధ్రంలా కనిపిస్తుంది. షాపులో డ్రిల్లు వేసి వదిలేస్తారు. షీట్ మెటల్ సమాచారానికీ అంతే, టిక్కు లేకపోతే కుడి ముక్క ఉత్త ఘనాకారం, దానికి ఫ్లాట్ ప్యాటర్నే రాదు.

ఇంకో దారి ఉంది. కొత్త మోడల్ చేయకుండా ఎడమ పార్టు వ్యూనే డ్రాయింగులో తిప్పి చూపించే ఆప్షను. పని తొందరగా అవుతుంది. నాకు మాత్రం అది నచ్చదు. కాగితంలో కుడి ముక్క ఉంటుంది, అసెంబ్లీలో బిగించి చూడటానికి మోడల్ ఉండదు. పైపు కుడి వైపు ఫ్లాంజికి తగులుతుందో లేదో ఎలా తెలుస్తుంది? జాబ్ వర్కు చేసి పెట్టేవాళ్ళకు అది పనికొస్తుందేమో.

మొత్తానికి రెండో డ్రాయింగు ఉచితంగా రాదు. షీటుకు అరగంటో గంటో పడుతుంది. ఈ మాట ఒప్పుకోకుండా వాదిస్తే అబద్ధమాడినట్టే.

దీనికంటే బలమైన అభ్యంతరం రెవిజన్లది. నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టిందీ ఇదే. రెండు డ్రాయింగులుంటే ఒకటి మారి ఇంకోటి మారకపోవచ్చు. ఎడమ ప్లేటులో స్లాటు 9 నుంచి 11 అయింది అనుకోండి. మోడల్ లింకు ఉంది కాబట్టి కుడి మోడల్ మారుతుంది, డ్రాయింగు తెరిస్తే అదీ మారుతుంది. కానీ తెరిచేదెవరు? మనిషి ఎడమ షీటు తెరిచి, రెవిజన్ ‘బి’ వేసి, పీడీఎఫ్ తీసి పంపేశాడు. కుడి షీటు పీడీఎఫ్ ‘ఏ’ లోనే వెండరు దగ్గర ఉంది. ఒకే డ్రాయింగు, ఒక నోటు ఉంటే ఈ తప్పుకు చోటే లేదు. నోటు వాదులు ఈ పాయింటు దగ్గర గెలుస్తారు. నేను చూసిన కుడి ఎడమ గొడవల్లో కొన్ని ఇలా రెండు కాగితాలు విడిపోవడం వల్ల వచ్చినవే.

అందుకని ఇప్పుడు మా పద్ధతి కొంచెం మారింది. పార్టు నంబర్లు రెండు, చివర 01, 02. డ్రాయింగు నంబరు మాత్రం ఒకటే, ఒకే ఫైలు, రెండు పేజీలు. మొదటి పేజీ ఎడమ, రెండో పేజీ కుడి. రెవిజన్ అక్షరం రెండింటికీ ఒకటే, పీడీఎఫ్ తీస్తే రెండూ కలిసే వస్తాయి. రెండో పేజీలో కొలతలు మళ్ళీ అన్నీ ఉండాలా, బొమ్మ ఉంటే చాలదా అని కుర్రాడు అడిగాడు. అన్నీ ఉండాలి. షాపులో పేజీలు చింపి పంచుకుంటారు, కుడి కాగితం చేతిలో ఉన్నవాడు ఎడమ కాగితం కోసం షెడ్డంతా తిరగడు. ప్రతి పేజీలో పై మూల ఒక ఐసోమెట్రిక్ బొమ్మ (మూడు వైపులూ ఒకేసారి కనిపించేది) పెద్దగా వేస్తాం. మూడు వ్యూలు చదవడం రాని హెల్పరు కూడా ముక్కను ఆ బొమ్మ పక్కన పట్టుకుని ఇది అదేనా కాదా చెప్పగలడు. నా లెక్కలో ఆ ఒక్క బొమ్మ మిగతా కొలతలన్నిటి విలువ చేస్తుంది.

“ఇంకెన్నాళ్ళు సార్ ఈ కాగితాలు, ట్యాబ్‌లో మోడల్ చూసి పని చేసే రోజులొచ్చాయి” అనేవాళ్ళున్నారు. రానివ్వండి. ట్యాబ్‌లో అయినా కుడి ముక్కకు సొంత మోడల్, సొంత నంబరు ఉండాల్సిందే. ఎడమ మోడల్ చూపించి కుడిది ఊహించుకోమంటే ట్యాబ్ అయితే ఏంటి, ట్రేసింగయితే ఏంటి.

అసలు రెండు రకాలు కావాలా?

ఇంత వాదించాక ఇంకో మాట. డ్రాయింగు వేయడానికి ముందు ముక్కను ఒకసారి తిప్పి చూడాలి. ముక్కలోనే ఎక్కడైనా సమంగా విడదీసే తలం ఉంటే దానికి కుడీ ఎడమా లేవు, ఎడమదే తిప్పి కుడి వైపు బిగించొచ్చు. కొత్తగా చేరినవాళ్ళు ఇది చూడకుండా మిర్రర్ కొట్టి, ఉన్న ముక్కకే రెండో నంబరు ఇస్తారు. స్టోర్స్‌లో ఒకే ముక్క రెండు పేర్లతో రెండు డబ్బాల్లో ఉంటుంది. ఒక డబ్బా ఖాళీ అయితే పక్క డబ్బా నిండుగా ఉన్నా కొత్త ఆర్డరు పెడతారు. ఇది నా వాదన అతిగా పాటిస్తే వచ్చే జబ్బు.

కొన్నిసార్లు రెండు రంధ్రాలు అదనంగా వేస్తే ఒకే బ్రాకెట్టు రెండు వైపులా సరిపోతుంది. మోటారు బ్రాకెట్లకు ఎప్పుడూ అలాగే చేస్తాం. కానీ మామిడి గుజ్జు తగిలే చోట వాడకుండా వదిలేసిన రంధ్రం అంటే ఈగలకు, బూజుకు చోటిచ్చినట్టే. ఫుడ్ మిషన్‌లో పని లేని రంధ్రం ఉండకూడదు. కాబట్టి బయటి ఫ్రేములో ఆ ఉపాయం, గుజ్జు తగిలే తొట్టెల్లో మాత్రం కుడివి కుడివే, ఎడమవి ఎడమవే. ఈ లైనులో కన్సల్టెంటు కుడి ఎడమగా చూపించిన బ్రాకెట్లలో కొన్నిటిని ఇలా ఒకటిగా కలిపేశాం. దీనికి మాత్రం ఆయన నవ్వలేదు, ఖర్చు తగ్గింది కదా.

కుడి షీట్లు ఆయనకు అప్రూవల్‌కు పంపాం. తీసుకోలేదు. ఆయన సెట్టులో షీట్ల సంఖ్య పెరిగితే ఆయన క్లయింటుకు మళ్ళీ సబ్మిట్ చేయాలట. సరేనని ఆయన డ్రాయింగు ఆయన ఫైల్లో నోటుతోనే ఉంచాం. మా రెండు పేజీల సెట్టు మీద షాపు వాడకానికి మాత్రమే అని ముద్ర కొట్టి ఫ్లోరుకు ఇచ్చాం. సైడ్ ప్లేట్ల బెండింగు రేపు మొదలవుతుంది.